టెక్సస్‌లో మీ ఇంటికి అప్రైజల్ ఎక్కువ వేశారా? ప్రొటెస్ట్ మీరే వేసుకోవడం ఎలా

ఏప్రిల్ వచ్చిందంటే ఫ్రిస్కో, ప్రాస్పర్, ఐర్వింగ్, కేటీ, ఆస్టిన్ చుట్టుపక్కల మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: ఇంటి పన్ను కోసం కట్టిన విలువ, అంటే అప్రైజల్, నోటీసు వచ్చింది, మీకెంత వేశారు? రెండు రోజులు అందరూ గోల పెడతారు, ఎవరో ఒక ఏజెంటు నంబర్ పోస్ట్ చేస్తారు, కొందరు అతనికి అప్పగించేస్తారు, మిగతావాళ్ళు "ఎలాగూ తగ్గించరులే" అని కాగితం డ్రాయర్‌లో పడేస్తారు. ఆ విలువ తగ్గించమని ప్రొటెస్ట్, అంటే అభ్యంతరం, వేయకుండా డ్రాయర్‌లో పడేసేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. ఆ నోటీసులో ఉన్న విలువ మీ ఇంట్లోకి వచ్చి చూసి వేసింది కాదు. ప్రతి కౌంటీకి ఒక అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఉంటుంది, కాలిన్, డెంటన్, డాలస్, ట్రావిస్, హ్యారిస్, ఫోర్ట్ బెండ్ ఇలా. లక్షల ఇళ్ళకు ఒక్కొక్కరుగా వెళ్ళి చూడటం వాళ్ళ వల్ల కాదు కాబట్టి, ఒక కమ్యూనిటీని మొత్తంగా తీసుకుని, చదరపు అడుగులు, కట్టిన సంవత్సరం, ఇంటి క్లాసు పెట్టి కంప్యూటర్‌తో లెక్కేస్తారు. మీ గోడలో పగులు ఆ కంప్యూటర్‌కు తెలియదు. మీ వెనకాల హైవే ఉందని ఒక్కోసారి తెలియదు. తెలిసింది మీకే, చెప్పాల్సింది కూడా మీరే, చెప్పడానికి చట్టం దారి కూడా పెట్టింది.

మన దగ్గర మున్సిపాలిటీ డిమాండ్ నోటీసు వస్తే కట్టేయడమే అలవాటు. ఏపీ మున్సిపాలిటీల్లో 2021 నుంచి పాత అద్దె విలువ పద్ధతి తీసేసి రిజిస్ట్రేషన్ విలువల మీద పన్ను లెక్క కడుతున్నారు, ఏడాదికి 15 శాతానికి మించి పెంచకుండా హద్దు పెట్టారు. అక్కడ మన ఇల్లొక్కదాని విలువ గురించి కూర్చుని వాదించుకునే పరిస్థితి మామూలుగా రాదు. ఇక్కడ అలా కాదు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, స్కూళ్ళు, సిటీ, కౌంటీ చాలావరకు ఇంటి పన్ను మీదే నడుస్తాయి, అందుకే ప్రతి ఇంటి విలువ మీదా యజమానికి మాట్లాడే హక్కు ఇచ్చారు. ప్రొటెస్ట్ అంటే గొడవ కాదు, కేసు కాదు, మీ మీద ఎవరికీ కోపం రాదు. ఇమ్మిగ్రేషన్‌కూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఈ భయంతో ఆగిపోయినవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.

నోటీసులో ఏం చూడాలి

రెండు అంకెలు ఉంటాయి. ఒకటి మార్కెట్ వ్యాల్యూ, అంటే జనవరి 1న మీ ఇల్లు అమ్మితే ఎంత వస్తుందని వాళ్ళ అంచనా. రెండోది అప్రైజ్డ్ వ్యాల్యూ, కొన్ని చోట్ల అసెస్డ్ అని రాస్తారు. మీకు హోమ్‌స్టెడ్ (సొంతంగా ఉంటున్న ఇంటికి ఇచ్చే పన్ను మినహాయింపు, వివరాలు కింద) ఉంటే ఈ రెండో అంకె ఏడాదికి 10 శాతానికి మించి పెరగకూడదు, కొత్తగా కట్టుకున్న గదులు, పూల్ లాంటివి మాత్రం దీనికి బయట. పన్ను లెక్క మొదలయ్యేది ఈ రెండో అంకె నుంచే.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఒక ఉదాహరణ చూడండి. పోయినేడు మీ అప్రైజ్డ్ వ్యాల్యూ 5 లక్షల డాలర్లు. ఈ ఏడు మార్కెట్ వ్యాల్యూ 6.2 లక్షలు వేశారు. ఈ 10 శాతం హద్దు, అంటే క్యాప్, వల్ల అప్రైజ్డ్ 5.5 లక్షల దగ్గర ఆగుతుంది. మీరు కష్టపడి ప్రొటెస్ట్ వేసి మార్కెట్ వ్యాల్యూని 5.8 లక్షలకు దించారనుకోండి, ఈ ఏడాది పన్నులో ఒక్క డాలరు కూడా తగ్గదు, ఎందుకంటే మీరు కట్టేది 5.5 మీదే. 5.5 కిందకు దిగితేనే ఈ ఏడాది లాభం. అందుకని మొదట మీకు ఎంతకు దిగితే పనికొస్తుందో ఆ అంకె కాగితం మీద రాసుకోండి, దానికి సరిపడా ఆధారాలు మీ దగ్గర ఉన్నాయా లేదా అన్నది తర్వాత చూసుకోవచ్చు. క్యాప్ కంటే మార్కెట్ వ్యాల్యూ బాగా పైన ఉండి, కిందకు దించే ఆధారం లేకపోతే ఈ ఏడాదికి సమయం వృథా చేసుకోవద్దని నా సలహా. అదే రెండు అంకెలూ దగ్గర దగ్గరగా ఉంటే, లేదా ఒకటే అయితే, తప్పకుండా వేయండి. ఈ ఏడాది దించిన అంకె మీదే వచ్చే ఏడాది 10 శాతం లెక్క మొదలవుతుంది కాబట్టి ఒకసారి దిగితే ఆ లాభం తర్వాతి ఏళ్ళకూ వస్తుంది.

అద్దెకిచ్చిన ఇల్లయితే హోమ్‌స్టెడ్ క్యాప్ ఉండదు. 2024, 2025, 2026 సంవత్సరాలకు మాత్రం సుమారు 50 లక్షల డాలర్లలోపు ఉన్న మిగతా ఆస్తులకు 20 శాతం క్యాప్ పెట్టారు. రెంటల్స్ ఉన్నవాళ్ళు నోటీసులో అది పడిందో లేదో చూసుకోండి.

హోమ్‌స్టెడ్ లేకుండా ప్రొటెస్ట్ గురించి ఆలోచించకండి

మీరు ఉంటున్న ఇంటికి హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ వేసుకోవడం ప్రొటెస్ట్ కంటే ముందు పని. స్కూల్ పన్ను లెక్కలో ఇంటి విలువ నుంచి 2023లో లక్ష డాలర్లు తీసేసేవారు, 2025 నవంబర్‌లో ఓటర్లు ఒప్పుకున్నాక అది 1.4 లక్షలైంది, 2025 పన్ను సంవత్సరం నుంచే. అరవై ఐదు నిండినవాళ్ళకు, వైకల్యం ఉన్నవాళ్ళకు స్కూల్ పన్నులో మరో 60 వేలు. 5 లక్షల ఇంటికి స్కూల్ పన్ను 3.6 లక్షల మీదే కడతారన్నమాట. దీనికి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. ఫారం 50-114, అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. "మీ హోమ్‌స్టెడ్ మేం ఫైల్ చేస్తాం, ఇంత ఫీజు పంపండి" అని ప్రభుత్వం నుంచి వచ్చినట్టు కనిపించే ఉత్తరాలు కొత్తగా ఇల్లు కొన్నవాళ్ళకు వస్తుంటాయి, అవి చించేయండి.

డ్రైవింగ్ లైసెన్సు మీద ఆ ఇంటి అడ్రసే ఉండాలి. ఇల్లు మారాక లైసెన్సు మార్చుకోవడం వాయిదా వేసి ఈ ఎగ్జెంప్షన్ పోగొట్టుకునేవాళ్ళు ఎక్కువ. ఇల్లు ఎల్ఎల్‌సీ పేరు మీద ఉంటే ఇది రాదు. ఏప్రిల్ 30 లోపు వేయడం మంచిది, ఆలస్యమైనా పన్ను గడువు దాటాక రెండేళ్ళ వరకు వెనక్కి వేసుకోవచ్చు. ఇంకో మాట, అప్రైజల్ డిస్ట్రిక్టులు కనీసం ఐదేళ్ళకోసారి హోమ్‌స్టెడ్ ఇంకా చెల్లుతుందా అని పరిశీలించాలని 2023లో చట్టం చేశారు, ఆ ఉత్తరం వస్తే జంక్ మెయిల్ అనుకుని పారేయకండి, జవాబు రాయకపోతే ఎగ్జెంప్షన్ తీసేస్తారు.

కొత్త ఇల్లు కొన్నవాళ్ళకు ప్రత్యేకంగా

సెలీనాలోనో ప్రిన్స్‌టన్‌లోనో బిల్డర్ దగ్గర కొత్త ఇల్లు తీసుకున్నారు, జూన్‌లో క్లోజింగ్ అయింది. జనవరి 1 నాటికి అక్కడ ఉన్నది స్లాబు, కొంత చెక్క ఫ్రేము. కాబట్టి మొదటి ఏడాది పన్ను స్థలం మీదా, సగం కట్టిన దాని మీదా పడుతుంది, చాలా తక్కువ వస్తుంది. లెండర్ కూడా ఆ తక్కువ అంకెతో ఎస్క్రో (పన్ను కట్టడానికి లోన్ పేమెంటుతో నెలనెలా వసూలు చేసే డబ్బు) వేసుకునే అవకాశం ఉంది. రెండో ఏడాది పూర్తి ఇంటి విలువ పడుతుంది, 10 శాతం క్యాప్ ఇక్కడ ఆదుకోదు, ఎందుకంటే కొత్త కట్టడానికి క్యాప్ వర్తించదు. అప్పుడు ఎస్క్రో షార్టేజ్ అని ఉత్తరం వస్తుంది, నెల పేమెంటు ఒక్కసారిగా పెరుగుతుంది, ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. మొదటి ఏడాది నుంచే మీరు కొన్న ధర మీద పూర్తి పన్ను ఎంతవుతుందో లెక్కేసుకుని, తేడా డబ్బు నెలనెలా పక్కన పెట్టండి. మడ్ పన్ను (నీళ్ళు, డ్రైనేజీ కోసం), పిడ్ అసెస్‌మెంటు (కమ్యూనిటీ సదుపాయాల కోసం) ఉన్న కమ్యూనిటీ అయితే అవి కూడా కలపండి.

ఈ రెండో ఏడాది ప్రొటెస్ట్ వేయడం చాలా ముఖ్యం, ఎందుకంటే రాబోయే క్యాప్ లెక్కలన్నిటికీ ఈ అంకే పునాది.

గడువు, ఫైలింగ్

మే 15, లేదా నోటీసు పంపిన తేదీ నుంచి 30 రోజులు, రెండింటిలో ఏది తర్వాత వస్తే అది. నోటీసు మీదే గడువు అచ్చేసి ఉంటుంది. ఆధారాలన్నీ దొరికాక వేద్దామని ఆగకండి, ముందు వేసేయండి, ఆధారాలు హియరింగ్ (బోర్డు ముందు విచారణ) వరకు సమకూర్చుకోవచ్చు. విలువ పెరగకపోతే కొన్నిసార్లు నోటీసే రాదు, అయినా మే 15 లోపు ప్రొటెస్ట్ వేయవచ్చు. ముఖ్యంగా ధరలు తగ్గిన ఏడాదిలో "పెంచలేదు కదా" అని ఊరుకోకండి, తగ్గాల్సింది తగ్గించారా అని అడగండి.

పెద్ద డిస్ట్రిక్టుల్లో ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది, నోటీసు మీద ఉన్న కోడ్ కావాలి. కాగితం మీద అయితే ఫారం 50-132. కారణాలు టిక్ పెట్టే చోట రెండూ పెట్టండి: మార్కెట్ విలువ ఎక్కువ వేశారన్నది ఒకటి, మిగతా ఇళ్ళతో పోలిస్తే మా ఇంటికి అసమానంగా వేశారన్నది రెండోది. ఈ రెండోది టిక్ పెట్టకపోతే తర్వాత ఆ వాదన చేయనివ్వకపోవచ్చు, అది మీ చేతిలో ఉన్న బలమైన ఆయుధం. దాంతోపాటే, అప్రైజల్ డిస్ట్రిక్ట్ హియరింగ్‌లో వాడబోయే ఆధారాలు మాకు పంపండి అని అడగండి. హియరింగ్‌కు కనీసం 14 రోజుల ముందు అవి ఇవ్వాలి, మీరు అడిగినా ఇవ్వని కాగితం వాళ్ళు హియరింగ్‌లో వాడకూడదు. ఆ ప్యాకెట్ చదివితేనే సగం పని అయినట్టు, ఏ ఇళ్ళు పెట్టి మీ విలువ కట్టారో అందులో ఉంటుంది.

మీ ఇంటి రికార్డు తెరిచి చూడండి

అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో మీ అడ్రస్ కొడితే ఇంటి వివరాలన్నీ వస్తాయి. చదరపు అడుగులు, బాత్రూములు, పూల్, కట్టిన సంవత్సరం, లాట్ సైజు, క్లాసు. ఒక్కొక్కటీ బిల్డర్ ఇచ్చిన ఫ్లోర్ ప్లాన్‌తో పోల్చండి. మన వాళ్ళకు ఇష్టమైన డబుల్ హైట్ లివింగ్ రూమ్ ఉన్న ఇళ్ళలో తరచూ దొరికే తప్పు ఏంటంటే, పై అంతస్తులో ఖాళీగా ఉన్న ఆ జాగాను కూడా గదిగా లెక్కేసి చదరపు అడుగుల్లో కలిపేస్తారు. కవర్డ్ పేషియోని, గ్యారేజీని లివింగ్ ఏరియాలో కలిపేయడం కూడా జరుగుతుంది. రెండు వందల చదరపు అడుగులు ఎక్కువ పడితే, ఒక్కో అడుగుకు 190 డాలర్లు వేసుకున్నా 38 వేలు. ఈ తప్పు చూపిస్తే వాదన అక్కర్లేదు, ఫ్లోర్ ప్లాన్ ముందు పెడితే సరిదిద్దుతారు. అందుకే మిగతా ఆధారాల కంటే ముందు ఇది చూడమంటున్నాను.

ఆధారాలు: అసలు పనంతా ఇక్కడే

పోయిన ఏడాదిలో ఇల్లు కొని, నోటీసులో ఉన్న విలువ కంటే తక్కువకు కొని ఉంటే మీ పని తేలిక. క్లోజింగ్ స్టేట్‌మెంట్ తీయండి, బిల్డర్ ధర తగ్గించి ఉంటే, ఇన్సెంటివ్ ఇచ్చి ఉంటే ఆ కాగితాలూ పెట్టండి. ఇక్కడొక విషయం. టెక్సస్‌లో ఇళ్ళ అమ్మకం ధరలు ప్రభుత్వానికి చెప్పాలనే నియమం లేదు. అందుకే ఇల్లు కొన్న కొన్ని నెలలకు "ఎంతకు కొన్నారు" అని అప్రైజల్ డిస్ట్రిక్ట్ నుంచి సర్వే ఉత్తరం వస్తుంది. దానికి జవాబివ్వడం మీ ఇష్టం. అబద్ధం మాత్రం రాయకండి, చెప్పడం ఇష్టం లేకపోతే ఖాళీగా వదిలేయండి.

కొని చాలాకాలమైతే రెండు దార్లు. మొదటిది అమ్మకాలు, మనవాళ్ళు కాంప్స్ అంటారు. ఈ ధరలు బయట దొరకవు, తెలిసిన రియల్టర్‌ని అడిగితే ఎంఎల్ఎస్ (రియల్టర్ల లిస్టింగ్ డేటాబేసు) నుంచి తీసిస్తారు. జనవరి 1కి దగ్గర తేదీల్లో అమ్ముడైనవి, మీ కమ్యూనిటీవే, సైజులో పది శాతం అటూ ఇటూ ఉన్నవి చాలు. మే నెలలో పక్కింటివాళ్ళు తక్కువకు అమ్మారన్నది మీకు పెద్దగా ఉపయోగపడదు, చూసేది జనవరి 1 నాటి విలువ. పూల్ ఉన్న ఇంటిని పూల్ లేని మీ ఇంటితో పోలుస్తుంటే ఆ తేడా మీరే సర్ది చూపించండి.

రెండో దారి నాకు ఎక్కువ నచ్చింది, ఎందుకంటే దీనికి కావలసిన డేటా మొత్తం వాళ్ళ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా ఉంది. మీ వీధిలో, పక్క వీధుల్లో అదే బిల్డర్ కట్టిన, దాదాపు అదే సైజు, అదే వయసు ఇళ్ళ మార్కెట్ వ్యాల్యూలు తీయండి. ఎక్సెల్‌లో వరసగా పెట్టి చదరపు అడుగుకు ఎంత పడిందో చూడండి. మీది 3,200 చదరపు అడుగులు, 6.4 లక్షలు వేశారు, అంటే అడుగుకు 200. మిగతా ఐదు ఇళ్ళకు 182, 185, 188, 191, 204 పడ్డాయనుకోండి. మధ్యలో ఉన్నది, అంటే మీడియన్, 188. దాని ప్రకారం మీ ఇల్లు 6,01,600 కావాలి. చట్టం అడిగేది కూడా సరిగ్గా ఇదే: తగినన్ని పోలిక ఉన్న ఇళ్ళు తీసుకుని, తేడాలు సర్ది, వాటి మీడియన్ కంటే మీ విలువ ఎక్కువుంటే తగ్గించాలి.

స్థలం విలువ, కట్టడం విలువ విడివిడిగా చూడటం మర్చిపోకండి. మీది కార్నర్ లాట్ అయి స్థలానికి ఎక్కువ వేస్తే అది కట్టడం లెక్కలో కలిసిపోయి అంకెలు తప్పుదారి పట్టిస్తాయి. 204 పడిన ఇంటిని లిస్టులోంచి తీసేద్దామని అనిపిస్తుంది, తీయకండి. అవతలి మనిషి దగ్గర ఆ కమ్యూనిటీలోని ప్రతి ఇంటి డేటా ఉంటుంది, మీకు అనుకూలమైనవే ఏరుకొచ్చారని తెలిసిన క్షణం మీ మాట మీద నమ్మకం పోతుంది. మీకు వ్యతిరేకంగా ఉన్నది కూడా లిస్టులో ఉండి, మీడియన్ ఇంకా తక్కువగా ఉంటే దాన్ని కాదనడం వాళ్ళకు కష్టం.

మూడోది ఇంటి పరిస్థితి. ఉత్తర టెక్సస్ నేల బంకమట్టి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, దాంతో ఫౌండేషన్లు కదులుతాయి. గోడల్లో పగుళ్ళు, బిగుసుకుపోయే తలుపులు, టైల్స్ చీలికలు ఉంటే ఫోటోలు తీయండి, ఫౌండేషన్ కంపెనీ నుంచి రాతపూర్వకంగా ఎస్టిమేట్ తీసుకోండి. "పాతిక వేలవుతుందట" అని నోటిమాట చెబితే పది నిమిషాల్లో మర్చిపోతారు, లెటర్‌హెడ్ మీద ఉన్న అంకెను మర్చిపోరు. పాత రూఫ్, ఎప్పుడూ మార్చని ఏసీ, వెనకాల టోల్‌వే శబ్దం, కరెంటు టవర్లు, డ్రైనేజీ కాలువ, ఇవన్నీ రాయండి. ఏప్రిల్‌లో వడగళ్ళు పడి రూఫ్ పోయిందంటే మాత్రం ఈ ఏడాదికి లెక్కలోకి రాదు, ఇక్కడా చూసేది జనవరి 1నాటి స్థితే.

డబ్బు పెట్టగలిగితే లైసెన్స్ ఉన్న అప్రైజర్‌తో రిపోర్టు చేయించవచ్చు. పది లక్షల డాలర్లలోపు ఇంటికి ఆ రిపోర్టును హియరింగ్‌కు 14 రోజుల ముందే చట్టం చెప్పిన తీరులో ఇస్తే, విలువను నిరూపించాల్సిన బరువు అప్రైజల్ డిస్ట్రిక్ట్ మీద ఇంకా ఎక్కువ పడుతుంది. తగ్గేది తక్కువే అయితే ఈ ఖర్చు దండగ.

ఇన్‌ఫార్మల్ దశ

చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. డిస్ట్రిక్ట్ అప్రైజర్ ఫోన్లోనో, ఆన్‌లైన్ పోర్టల్‌లోనో మీ ఆధారాలు చూసి ఒక అంకె ఆఫర్ చేస్తారు. మర్యాదగా, సూటిగా మాట్లాడండి. పన్ను భరించలేకపోతున్నాం, స్కూళ్ళకు ఇంత ఎందుకు, పోయినేటి కంటే ఇంత పెంచడం అన్యాయం, ఈ మాటలకు వాళ్ళు ఏమీ చేయలేరు, వాళ్ళ చేతిలో ఉన్నది విలువ ఒక్కటే. "నా లెక్క ప్రకారం 6.02 లక్షలు, ఇదిగో ఐదు ఇళ్ళు, ఇదిగో ఫౌండేషన్ ఎస్టిమేట్" అంటే చాలు.

ఆఫర్ వచ్చిన వెంటనే ఒప్పేసుకోకండి, మీరు మొదట కాగితం మీద రాసుకున్న అంకె చూడండి. దాని కిందకు వస్తే తీసుకోండి. ఒప్పుకుని సంతకం పెట్టాక, లేదా ఆన్‌లైన్‌లో యాక్సెప్ట్ నొక్కాక ఆ ఏడాదికి కథ ముగిసినట్టే, మళ్ళీ అప్పీలు లేదు.

ఏఆర్‌బీ హియరింగ్

ఇన్‌ఫార్మల్‌లో తేలకపోతే అప్రైజల్ రివ్యూ బోర్డు ముందుకు వెళ్తుంది. కనీసం 15 రోజుల ముందు తేదీ చెబుతారు. ఆఫీసు మీటింగ్‌తో తగులుకుంటే, ఏజెంటు లేకుండా మీరే వేసుకున్నవాళ్ళయితే, కారణం చెప్పకుండానే ఒకసారి తేదీ మార్చుకోవచ్చు. ఫోన్లోనో వీడియోలోనో హాజరవుతామంటే కనీసం పది రోజుల ముందు రాతపూర్వకంగా అడగాలి, ఆధారాలను అఫిడవిట్‌తో ముందే పంపాలి.

గదిలో సాధారణంగా ముగ్గురు ప్యానెల్ సభ్యులు, ఒక పక్క డిస్ట్రిక్ట్ అప్రైజర్, ఒక పక్క మీరు. ఆ ముగ్గురూ అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఉద్యోగులు కారు, ఆ కౌంటీలో ఉండే మామూలు పౌరులే. ప్రమాణం చేయిస్తారు, రెండు వైపులా విని అక్కడికక్కడే అంకె చెబుతారు. మొత్తం పదిహేను, ఇరవై నిమిషాలు అనుకోండి. ఇంగ్లీషు ధాటిగా మాట్లాడలేమన్న బెరుకు కొందరికి ఉంటుంది, దాని అవసరమే లేదు, కాగితాలు మాట్లాడతాయి. నాలుగైదు పేజీలు, ప్రతి పేజీకీ నంబరు, మొదటి పేజీలో మీరు కోరే విలువ పెద్ద అక్షరాల్లో. ఎన్ని కాపీలు, ఏ రూపంలో కావాలో హియరింగ్ నోటీసులో చూసి అలాగే పట్టుకెళ్ళండి.

"వెళ్తే ఇంకా పెంచుతారేమో" అన్నది బాగా పాకిపోయిన భయం. 2019లో వచ్చిన చట్టం ప్రకారం, మీరు ప్రొటెస్ట్ వేసిన విలువ కంటే ఎక్కువకు బోర్డు పెంచడానికి వీల్లేదు, మీరే అడిగి ఒప్పుకుంటే తప్ప. కాబట్టి ధైర్యంగా వెళ్ళండి. ఇంకో హెచ్చరిక: బోర్డులో తెలిసినవాళ్ళు ఉన్నారని హియరింగ్‌కు ముందు వాళ్ళతో కేసు గురించి మాట్లాడటం ఇక్కడ నేరం. మంచి ఉద్దేశంతో కూడా ఆ పని చేయకండి.

అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే

ఉత్తర్వు అందాక 60 రోజుల్లోగా రాష్ట్ర కంప్ట్రోలర్ (రాష్ట్ర పన్నులు చూసే అధికారి) ద్వారా బైండింగ్ ఆర్బిట్రేషన్‌కు, అంటే ఇద్దరూ కట్టుబడాల్సిన మధ్యవర్తి తీర్పుకు, వెళ్ళవచ్చు. హోమ్‌స్టెడ్ 5 లక్షలలోపు అయితే 450 డాలర్లు, దాటితే 500 డాలర్లు డిపాజిట్ కట్టాలి. ఆర్బిట్రేటర్ చెప్పిన విలువ బోర్డు విలువ కంటే మీ అంకెకు దగ్గరగా ఉంటే, కంప్ట్రోలర్ ఆఫీసు ఉంచుకునే 50 డాలర్లు పోను డిపాజిట్ వెనక్కి వస్తుంది, లేకపోతే పోతుంది. డిస్ట్రిక్ట్ కోర్టు కూడా ఒక దారే, కానీ మామూలు ఇంటికి లాయరు ఖర్చే ఎక్కువవుతుంది. ఎక్కడికి వెళ్ళినా జనవరి 31 పన్ను గడువు మాత్రం ఆగదు. కట్టకపోతే ఫిబ్రవరి 1న జరిమానా, వడ్డీ కలిపి మొదటి దెబ్బే 7 శాతం.

ఏజెంటుకు ఇవ్వాలా?

సమయం లేనివాళ్ళు ఇవ్వండి, తప్పేం లేదు. అసలు ఏమీ చేయకుండా వదిలేయడం కంటే అది నయం. కానీ ఏజెంటును నియమించే ఫారం 50-162 మీద సంతకం పెట్టే ముందు అడగాల్సినవి ఉన్నాయి. ఫీజు "ఆదా అయిన దాంట్లో ఇంత శాతం" అంటారు, ఆ ఆదాను ఎలా లెక్కేస్తారని అడగండి. మార్కెట్ వ్యాల్యూ తగ్గిన దాని మీద లెక్కేస్తే, పైన చెప్పిన క్యాప్ ఉదాహరణలోలాగా మీకు ఒక్క డాలరు మిగలకపోయినా ఫీజు కట్టాల్సి వస్తుంది. మీ పన్ను బిల్లులో నిజంగా తగ్గిన దాని మీదే ఫీజు అని ఒప్పందంలో రాసి ఉండాలి. ఏటా దానంతటదే కొనసాగుతుందా, ఆపాలంటే ఏం చేయాలో కూడా చూసుకోండి. ఏజెంటు పేరు మీద ఉన్నంతకాలం ఆఫర్లు, నోటీసులు అతనికే వెళ్ళవచ్చు.

విలువ కట్టే పద్ధతే మారాలంటే

ఒక్కో ఇంటికి ప్రొటెస్ట్ వేయడం ఒక ఎత్తు, అందరి ఇళ్ళకూ విలువ కట్టే తీరు మార్చడం ఇంకో ఎత్తు. అది కూడా ఇప్పుడు కొంత ఓటర్ల చేతిలోకి వచ్చింది. 75 వేల పైన జనాభా ఉన్న కౌంటీల్లో అప్రైజల్ డిస్ట్రిక్ట్ బోర్డులో ముగ్గురు డైరెక్టర్లను ఓటర్లే ఎన్నుకుంటారు, మొదటి ఎన్నిక 2024 మే నెలలో జరిగింది. తొమ్మిది మంది బోర్డులో మిగతా ఐదుగురిని సిటీలు, స్కూల్ డిస్ట్రిక్టులు, కౌంటీ లాంటి సంస్థలు నియమిస్తాయి, ఒకరు కౌంటీ టాక్స్ కలెక్టర్. బోర్డు తలచుకుంటే ఏం చేయగలదో ఫోర్ట్‌వర్త్ ఉన్న టారెంట్ కౌంటీలో చూశాం. ఇళ్ళకు ఏటా కాకుండా రెండేళ్ళకోసారి విలువ కట్టాలని, 5 శాతానికి మించి పెంచాలంటే గట్టి ఆధారం ఉండాలని 2024 ఆగస్టులో ప్లాన్ ఆమోదించారు, 2025కి ఇళ్ళ విలువలు కదపకుండా ఉంచారు. స్కూల్ డిస్ట్రిక్టులు తమకొచ్చే డబ్బు గురించి ఆందోళన చెందాయి, ఆ వాదనలోనూ నిజం ఉంది, మన పిల్లలు చదివేది ఆ స్కూళ్ళలోనే. చట్టం ప్రకారం కనీసం మూడేళ్ళకోసారి విలువ కట్టాలి, అంతకు లోపల ఎప్పుడన్నది స్థానికంగా తేల్చుకోవచ్చు.

సిటిజన్‌షిప్ వచ్చినవాళ్ళు ఈ బ్యాలట్‌ను చివరి దాకా చదవండి, డైరెక్టర్ల పేర్లు అడుగున ఎక్కడో ఉంటాయి. ఓటు లేనివాళ్ళకు కూడా ఒక దారి ఉంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో సిటీ కౌన్సిల్, స్కూల్ బోర్డు పన్ను రేటు మీద బహిరంగ విచారణ పెడతాయి, అక్కడ మాట్లాడవచ్చు. విలువ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌ది, రేటు వీళ్ళది. పన్ను ఎక్కువన్న బాధ చెప్పుకోవాల్సిన చోటు ఇదే.

తగ్గాక చేయాల్సినవి

విలువ తగ్గిందని ఉత్తర్వు వచ్చాక అక్టోబర్‌లోనో నవంబర్‌లోనో వచ్చే పన్ను బిల్లులో ఆ అంకే పడిందో లేదో, హోమ్‌స్టెడ్ కనిపిస్తోందో లేదో సరిచూడండి. పన్ను బ్యాంకు కడుతుందిలే అని బిల్లు తెరవకుండా ఉండకండి, తప్పు పడితే పట్టుకునేది మీరే. తర్వాత లెండర్‌కు ఫోన్ చేసి కొత్త బిల్లు ప్రకారం ఎస్క్రో అనాలిసిస్ మళ్ళీ చేయమని అడగండి, అడగకపోతే పాత పెద్ద అంకెతోనే నెలనెలా వసూలు చేస్తూ ఉండవచ్చు. ఎక్సెల్, ఫోటోలు, ఎస్టిమేట్లు, వాళ్ళు పంపిన ఆధారాల ప్యాకెట్ అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టండి, పేరు మీద సంవత్సరం రాయండి. వచ్చే జనవరి 1 తర్వాత అదే ఐదు ఇళ్ళ కొత్త విలువలు నింపుకోవడంతో మీ పని మళ్ళీ మొదలవుతుంది, అప్పుడు ఇంత సమయం పట్టదు.